బల్ల కింద రాలినవి

డిస్కులావిడ దుకాణం తెరవగానే చేసే మొదటి పని ఊడవడం. పాటల్నీ మాటల్నీ చిన్న ఫైళ్లుగా కుదించినప్పుడు, మన చెవికి అక్కర్లేదని కంప్యూటరు తీసిపారేసిన చప్పుళ్లు బల్ల కింద నూకల్లా రాలుతుంటాయి. దాని అతితెలివి దానిది, నడుం నొప్పి ఈవిడది. తొక్కితే గుసగుసలాడతాయనీ, బేరం పోతోందనీ పక్క కొట్టు దర్జీ రోజూ సణుగుతాడు.

ఆ రోజు నర్సు ఫోను పట్టుకుని వచ్చింది. దూరాన పని దొరికిందని వెళ్లిన ఆమె తమ్ముడి నుంచి అప్పుడప్పుడూ మాటల సందేశాలే తప్ప మనిషి జాడ లేదు.

"ఇవన్నీ ఒక్క డిస్కులో పట్టాలి పిన్నీ. అమ్మకి డిస్కులు మార్చడం రాదు."

"అయితే కుదించాలమ్మాయ్."

"కుదించు. వాడు బాగున్నాడని అమ్మ నమ్మేసింది. నాకే మనసు మనసులో లేదు."

చివరి సందేశం వంతు వచ్చింది. "బాగానే ఉన్నానక్కా. నన్ను వెతుక్కుంటూ రావద్దు" అని స్పీకర్లో తమ్ముడి గొంతు శుభ్రంగా పలికింది. బల్ల కింద మాత్రం దోసెడు నూకలు రాలాయి. రెండు మాటలకు ఇన్నా అనుకుంటూ డిస్కులావిడ చేటలోకి ఎత్తింది.

"ఆగు పిన్నీ!" నర్సు చేటకు చెవి ఆనించింది. గొలుసు చప్పుడు. ఎవడిదో మగ గొంతు: "రావద్దని కూడా చెప్పు." ఆ వెనక సన్నగా సైరను.

"అది మన ఐసు ఫ్యాక్టరీదే" అంది డిస్కులావిడ.

నర్సు మళ్లీ వంగబోయింది.

"వద్దు! విన్నకొద్దీ కరిగిపోతాయి. పోలీసులకి మిగల్చు. ముందా ఫ్యాను ఆపు!"

చేట మీద కొంగు కప్పి నర్సు ఎండలో నడిచింది. పరిగెత్తితే ఒలుకుతాయి, ఆలస్యమైతే వాణ్ని ఇంకెక్కడికి తరలిస్తారో. కొంగు కింద తమ్ముడి ఊపిరి వినిపిస్తూనే ఉంది. వినకూడదని పెద్దగా ఏదో ఒకటి మాట్లాడుకుంటూ పోయింది. స్టేషన్లో ఇన్‌స్పెక్టరు చేట మీదికి వంగి, ఉన్నదంతా విని, టోపీ పెట్టుకుని లేచాడు. చేట ఖాళీ అయింది.

సాయంత్రానికి ఐసు ఫ్యాక్టరీ వెనక గోదాము తలుపు బద్దలైంది.

ఆ రాత్రి ఇంట్లో, చిక్కి సగమైన తమ్ముడు అమ్మ పక్కన కూర్చుని గబగబా తింటున్నాడు. "నెమ్మదిగా తినరా, ఎవరూ లాక్కోరు" అంటూనే అమ్మ ఏడ్చేసింది.

డిస్కు ఇంకా దుకాణంలోనే ఉంది. దాని కోసం ఎవరూ రాలేదు.