తీసిన రాళ్ళు మళ్ళీ పరచమన్నారు

పరగోడు గుట్ట కింద ఎన్ను వేసిన రాగిపైరును భూస్వామి వెంకటేశప్ప మనుషులు వేళ్ళతో సహా పీకుతుంటే నేను కళ్ళారా చూశాను. 1964 అక్టోబరు. బాగేపల్లి రైతు సంఘం పనిమీద ఆ ఊరు వెళ్ళాను. పట్టపగలు, అందరి ఎదుట, సినిమా కోసం పీకుతున్నారు.

మద్రాసు నుంచి ఒక కంపెనీ వచ్చింది. రాళ్ళబీడును సాగుచేసి ఊరు నిలబెట్టిన పాతకాలపు దొర కథ తీస్తారట. అది తన తాత కథేనని వెంకటేశప్ప వాళ్ళను రప్పించాడు. సినిమాలో మొదట బీడు కనిపించాలి. గుట్ట కింది బీడును పద్దెనిమిది కూలి కుటుంబాలు పదకొండేళ్ళు చాకిరీ చేసి చేనుగా మార్చాయి. తుమ్మమొద్దులు పెకలించారు. బండల మీద మంటపెట్టి పగలగొట్టారు. వాళ్ళలో చెన్నమ్మ అనే ఆమె భర్త మునియప్ప దొర్లిన బండ కింద నలిగి చచ్చిపోయాడు. అది సర్కారు భూమి. పట్టా ఇమ్మన్న వాళ్ళ దర్ఖాస్తు తాలూకా అధికారి అమల్దారు కచేరిలో మూలన పడి ఉంది.

గట్టు మీది రాళ్ళు తిరిగి చేనులో పరచాలని, కెమెరా ముందు మళ్ళీ ఏరాలని వెంకటేశప్ప చెప్పాడు. రెండు పనులకూ కూలి ఇస్తానన్నాడు. ఎవరూ కదల్లేదు. చెన్నమ్మ ముందుకొచ్చింది.

"నా మొగుని సంపిన బండ అది. దాన్ని నా చేతుల్తోనే చేనులోకి దొర్లించమంటావాప్పా?"

"సినిమా అయినాంక చేను మళ్ళా మీరే తీసుకోండి."

"అప్పుడది మీ తాత చేసిన చేనైతాది. మాది యాడుంటాది?"

 కెంచార్లహళ్ళి అనే ఊరి నుంచి కూలీలను తెమ్మని వెంకటేశప్ప లారీ పంపాడు.

సాయంత్రం అందరూ కూడి వాదులాడుకున్నారు. పోలీసులొస్తే పిల్లలను ఎవరు చూస్తారని వాళ్ళలో బయ్యప్ప అనే అతను అడిగాడు. అతని భయం తప్పు కాదు. ఇంకో అర్జీ పెడదామన్నాను నేను. పదకొండేళ్ళుగా పెడుతున్నాం, ఇక చేనులోనే కూర్చుంటామని చెన్నమ్మ తేల్చేసింది.  చివరికి బయ్యప్ప కూడా సరేనన్నాడు.

తెల్లారేసరికి మిగిలిన పైరు మధ్య అందరం కూర్చున్నాం. లారీ వచ్చింది. కూలీల మేస్త్రీ పిళ్ళప్ప రాళ్ళగంప నెత్తిన పెట్టుకుని గట్టు దిగాడు. ఈ చేను ఎవరిదని అడిగాడు. చెన్నమ్మ జరిగిందంతా చెప్పింది. అతను గంప దించాడు.

"మా వూర్లోనూ ఇట్లే చేస్తాండారమ్మా," అన్నాడు. "మేము పరచము."

వెనక వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరుగా గంపలు దించారు.

మధ్యాహ్నానికి పోలీసులు పందొమ్మిది మందిని జీపుల్లో కుక్కారు. చెన్నమ్మనూ, పిళ్ళప్పనూ, నన్నూ. చిక్కబళ్ళాపురం జైలులో మూడు వారాలు. కంపెనీ ఇంకో గుట్ట చూసుకుని సినిమా ముగించింది. నిలిచిన రాగిని వెంకటేశప్ప తన పశువులకు వదిలాడు. పద్దెనిమిది ఇళ్ళలో ఆ ఏడు రాగిముద్ద లేదు.

జైలులో పిళ్ళప్ప తమ ఊరి సంగతి చెప్పాడు. అక్కడ కూడా కూలీలు బాగుచేసిన బీడుకు మరో భూస్వామి కంచె వేశాడు. విడుదలైన నాలుగోనాడు పరగోడు వాళ్ళు గునపాలు పట్టుకుని కెంచార్లహళ్ళికి నడిచారు. బయ్యప్ప పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. చెన్నమ్మ మొదటి గుంజ పీకింది. పోలీసు జీపు వచ్చి ఆగేసరికి కంచె సగం నేలమీద ఉంది. దాని ముందు రెండు ఊళ్ళ వాళ్ళు నూటపది మంది నిలబడి ఉన్నారు.