జవాబు వచ్చేదాకా

1986లో కన్యక మద్రాసు పక్కన మనలిలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ప్రోగ్రామర్‌గా పనిచేసేది. వాషర్‌మెన్‌పేట్‌లో బియ్యం మండీ నడిపేవాళ్ల ఇంటి పిల్ల. ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో రెండు ప్రోగ్రాములు ఎప్పుడూ నడుస్తూ ఉండేవి. ఒకటి గాలిలో గ్యాసు మోతాదును గమనిస్తూ, హద్దు మీరితే రెండోదానికి కబురు పంపేది. రెండోది సైరన్ మోగించాలి. రోజూ షిఫ్టు మొదలయ్యేముందు ఈ రెండింటినీ పరీక్షించే ప్రోగ్రామును కన్యకే రాసింది. అది తనంతట తానే నడిచి, తెర మీద ‘సరి’ అని చూపించేది.

ఒక ఉదయం అలా ‘సరి’ అని వచ్చిన కాసేపటికే గ్యాసు గొట్టం పగిలింది. సైరన్ మోగలేదు. వాల్వు దగ్గరున్న కార్మికుడు కాటయ్య గ్యాసు పీల్చి పడిపోయాడు. ఫ్యాక్టరీ మూసేశారు.

కారణం వెతికింది కూడా కన్యకే. సైరన్ ప్రోగ్రాము ముందు ప్రింటర్‌లో ఒక వరుస అచ్చువేసి, ఆ తర్వాతే సైరన్ మోగించేది. కాగితం అయిపోవడంతో అది ప్రింటర్ దగ్గరే ఆగిపోయింది. కబురు వెళ్లింది గానీ అందుకునేవాళ్లు లేరు. పరీక్ష మాత్రం కబురు వెళ్లడమే చూసి ‘సరి’ అంది.

ఆస్పత్రి వరండాలో కాటయ్య భార్య లూర్దుమేరి ఆమెను ఆపింది.

“సైరన్ మోగి ఉంటే ఆయన ఆడ నిలబడి ఉండడు గదమ్మా?”

“ఉండడక్కా. తప్పు నా పరీక్షలో ఉండాది. కబురు పోయిందా అని చూసినా, చేరిందా అని చూళ్లేదు.”

లూర్దుమేరి తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కన్యక ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లింది.

సైరన్ ప్రోగ్రాము ముందు సైరన్ మోగించి, తర్వాతే అచ్చువేసేలా మార్చింది. మోగించాక తిరిగి జవాబు పంపేలా చేసింది. గడువులోగా ఆ జవాబు రాకపోతే పరీక్ష తప్పినట్టే.

మేనేజరు కోదండరాం తొందరపడ్డాడు. “పాత టెస్టు పాసయింది గదా! సోమవారం ఫ్యాక్టరీ తెరవాల. టెస్టు కాగితం మీద సంతకం పెట్టమ్మా.”

“పెట్టను సార్. ఆ పాసుని నమ్మే కాటయ్య ఆడ నిలబడినాడు.”

ఆయన ఆ కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ప్రింటర్‌లో కాగితం తీసేసి కొత్త పరీక్ష నడిపింది. సైరన్ మోగింది. అయినా జవాబు రాలేదు. అచ్చు పడేదాకా జవాబు ఆగిపోతోందన్న ఇంకో లోపం బయటపడింది. అది సరిచేసి, జవాబు అందాకే సంతకం పెట్టింది. ఫ్యాక్టరీ ఆలస్యంగా తెరుచుకుంది.

కాటయ్య బతికాడు గానీ ఊపిరితిత్తులు బాగుపడలేదు. గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. మాట్లాడితే ఆయాసం వస్తుందని కన్యక ఆయన్ని ఏమీ అడిగేది కాదు. పొద్దున్నే కాసేపు పక్కన నిలబడి లోపలికి వెళ్లేది.