ఏడు పేటల హారం

కోడలికి కోపం వస్తే మాట్లాడేది కాదు, గుచ్చేది. పూసల్నే లెండి! ఆ ఉదయం మాత్రం మనుషుల వంతు వచ్చేలా ఉంది. చేతిలో పచ్చలు, కళ్ళల్లో కెంపులు.

ఏడు పేటల పచ్చల హారం. నడుమ శనగగింజంత రాళ్ళు, కొసలకి పోయేకొద్దీ ఆవగింజంత. వాటిని పరిమాణం ప్రకారం వరుస తేల్చడానికే పదకొండు రోజులు పట్టింది. ఆరు పేటలు పూర్తిచేసి, ఆరింటినీ ఒక కొసన కలిపి ఒకే ముడేసింది. ఏడోది సగంలో ఉంది. అన్నీ ఆమె గుచ్చినవే, కానీ నగతో పాటు వెళ్ళే కార్డు మీద ఉండేది మామగారి పేరు. ఏడు పేటలు తిరిగినా ఆమె ఊసెత్తేవాడు లేడు.

మామగారి చూపు నాలుగేళ్ళ కిందటే మందగించింది. మొదట "కాస్త సాయం చెయ్యమ్మా" అన్నారు. తర్వాత "పూర్తి చేసెయ్యి" అన్నారు. ఆ తర్వాత ఏమీ అనడమే మానేశారు. నగల కొట్టు యజమాని మెచ్చుకుంటే మాత్రం "ఏదో, తిరిగిన చెయ్యి" అని మీసం తిప్పేవారు. తిరిగింది కోడలి చెయ్యి, ఈయనకి తిరిగింది మీసమే.

ఇవాళ ఆ యజమాని ఫొటోగ్రాఫర్ని వెంటేసుకుని వచ్చాడు. కొత్త కొట్టులో గోడంత బొమ్మ పెడతాడట: చివరి పేట గుచ్చుతున్న పెద్దాయన.

"పక్కకి జరగమ్మా, ఫొటోలో పడుతున్నావ్," అన్నాడు యజమాని.

"పడటం నాకు అలవాటేనండీ. నాలుగేళ్ళుగా పడుతూనే ఉన్నా."

"దాని మాటలకేం గానీ, మీరు కానివ్వండి బాబూ," అన్నారు మామగారు.

ఈ పనిలో పట్టుదారాన్ని కాలి బొటనవేలికి తగిలించి, బిగువుగా లాగిపట్టి పూసలు గుచ్చుతారు. మామగారు చాప మీద కాలు చాచి దారం తగిలించారు. జారింది. మళ్ళీ తగిలించారు. మళ్ళీ జారింది.

ఫొటోగ్రాఫర్ వంగి చూశాడు. "తాతగారూ, వేలు మరీ నున్నగా ఉందేంటండీ? ఇదివరకు నేను తీసిన పనివాళ్ళకి దారం కోసి గాడి పడి ఉండేది."

"గాడి కావాలా బాబూ? ఇదిగో!"

మామగారి ముందు ఏనాడూ కాలు చాపని కోడలు సర్రున చాపింది. బొటనవేలి చుట్టూ నల్లటి గాడి, కత్తితో గీసినట్టు.

యజమాని నవ్వాడు. "నాకెప్పటినుంచో అనుమానమేలేమ్మా. కానీ తెల్లజుట్టు చూస్తేనే కొనేవాళ్ళకి నమ్మకం. ఒక పని చేద్దాం. మొహం ఆయనది పెట్టి, వేలు నీది దగ్గరగా తీయిద్దాం. ఎవరి కాలో ఎవడికి తెలుస్తుంది?"

"అంటే ఆయన తలకి నా కాలు అతికిస్తారా? బాగుందండీ! తల ఉండీ మీరు చేసే ఆలోచన ఇదా?"

కత్తెర అందుకుంది. పళ్ళెం మీదకి హారం ఎత్తిపట్టి కొస ముడి కటుక్కున కత్తిరించింది. ఆరు పేటలూ జలజలా పళ్ళెంలోకి రాలిపోయాయి. పెద్దవీ చిన్నవీ అన్నీ ఏకం. ఒక్క పచ్చ కూడా నేల మీద పడలేదు. కోపానికి కూడా పని తెలుసు.

"ఎవరి పేరు వేస్తున్నారో వాళ్ళ చేతే గుచ్చించుకోండి!"

"పదిహేను రోజుల్లో అప్పగించాలి!" యజమాని గొంతు చించుకున్నాడు. "పెద్దాయనా, చెప్పండి మీ కోడలికి!"

మామగారు పళ్ళెంలో చెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమారు. ఈసారి మీసం జోలికి పోలేదు. "చెప్పే మొహం నాకెక్కడిది బాబూ? నాలుగేళ్ళలో నేను ఒక్క పూస గుచ్చలేదు."

"విన్నారుగా?" అంది కోడలు. "ఆ పదిహేను రోజులు నాకు చాలు. ముందు నా పేరుతో కార్డు అచ్చేయించుకు రండి. గోడ మీద నా మొహమే ఉండాలి, నా కాలితో సహా. అప్పుడు దారం ఎక్కిస్తా."

యజమాని పళ్ళెం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "పేరు సరిగ్గా ఎలా రాయాలో కాగితం మీద రాసివ్వు," అని గొణిగాడు. రాసిచ్చింది. మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

"అమ్మాయ్," అన్నారు మామగారు, "నా మీద కోపం తగ్గిందా?"

"లేదు మామయ్యా." పళ్ళెం ఆయన ఒళ్ళోకి నెట్టింది. "చూపు లేకపోతేనేం, వేళ్ళున్నాయిగా. పెద్దవి ఇటు, చిన్నవి అటు. ఏరండి."