తెల్ల మీద తెలుపు

కెమెరా ఇంకా కొననే లేదు, దాన్ని పెట్టుకునే సంచీ నల్లగా ఉండాలా బూడిదరంగులో ఉండాలా అన్న దగ్గర అక్కాతమ్ముళ్ళిద్దరికీ మాటలు లేకుండా పోయాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఇలాంటివాళ్ళని చూసే అని ఉంటారు. భీమవరం దగ్గర ఉండిలో రొయ్యల చెరువులు చేసే మాధవరాజుగారు, ఈసారి చెరువు పట్టి రొయ్యలు అమ్మాక పిల్లలకి మంచి డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనిపెడతానని మాటిచ్చారు. ఆ మాటలో ఒక మెలిక ఉంది. ఇద్దరికీ కలిపి ఒక్కటే. కూతురు హైమకి పెళ్ళిళ్ళలో ఫొటోలు తీయడం నేర్చుకోవాలని ఉంది. కొడుకు రవితేజకి రొయ్యల పెంపకం మీద వీడియోలు చేసి యూట్యూబులో పెట్టాలని ఉంది. ఆవిడగారు మెచ్చిన కెమెరా ఈయనగారికి నచ్చదు, ఈయన చూపించింది ఆవిడ ముట్టుకోదు.

చివరికి ఇలా లాభం లేదని, ఒక ఆదివారం రెండూ అరువు తెచ్చుకున్నారు. ఒకటి హైమ స్నేహితురాలు ఆశాజ్యోతిది, రెండోది రవితేజతో చదువుకున్న కిరణ్ కుమార్‌ది. రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసినవే, ధరలో కూడా పెద్ద తేడా లేదు. చీకటి పడేలోపు ఎవరివి వాళ్ళకి అప్పజెప్పాలి. అమ్మా నాన్నా పాలకొల్లులో పెళ్ళికి వెళ్ళారు, రాత్రికి గాని రామన్నారు. ఇంట్లో పిల్లలు కాక మిగిలింది మాధవరాజుగారి తల్లి సూర్యకాంతమ్మగారు ఒక్కరే.

ఆవిడకి ఆ రెండు కెమెరాల తేడా తెలిసేది ఒక్క గుర్తుతోనే. హైమ మెచ్చినదాని మెడపట్టీ మీద పసుపు గీత, రవితేజ మెచ్చినదాని మీద ఎర్ర గీత. పొద్దుటి నుంచి మనవలిద్దరూ ఆ రెండిటితో ఇంట్లో ఉన్న వస్తువునల్లా రెండేసిసార్లు కాల్చి వదిలిపెట్టారు. ఆవకాయ జాడీలు, అరటిగెల, ఆవుదూడ, గోడ మీద బల్లి. తీసిన ప్రతిదానికీ ఒక తగువు. పసుపుదాంట్లో ఆకులు మరీ పచ్చగా వచ్చాయని తమ్ముడు, ఎర్రదాంట్లో నీడలు మసకబారాయని అక్క. మధ్యలో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "రెండూ దూడలాగే ఉన్నాయి కదర్రా" అన్నారు. ఇద్దరూ కలిసి ఆవిడ మీద పడ్డారు. పొద్దుటి నుంచీ వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

ఇంతలో రవితేజ ఫోనులో ఎవరో పెద్దమనిషి చెప్పిన మాట పట్టుకొచ్చాడు. కెమెరా సత్తా రంగుల్లో తేలదట. తెల్లటిదాని మీద తెల్లటిది పెట్టి తీస్తే అప్పుడు తెలుస్తుందట. మంచులో తెల్ల కుందేలుని తీసి చూపించాడట ఆయన.

"వైశాఖమాసంలో ఉండిలో మంచెక్కడిదిరా?" అంది హైమ.

తెల్ల పంచె మీద బియ్యప్పిండి పోసి తీశారు. పిండి పోసినట్టే ఉంది గాని ఫొటో తీసినట్టు లేదు. కంచంలో ఉప్పు పోసి తీశారు. అదీ అంతే. విసుగొచ్చి హైమ వసారాలో చతికిలబడింది. సరిగ్గా అప్పుడే సూర్యకాంతమ్మగారు తలంటుకుని వచ్చి, వసారా చివర ఎండపొడలో స్టూలు వేసుకుని కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. డెబ్భై దాటినా నడుము దిగే జుట్టు ఆవిడది, నల్ల వెంట్రుక ఒక్కటి వెతికినా దొరకదు.

"ఒరేయ్ తేజా! మామ్మగారి జుట్టు మీద మల్లెపూలు!"

అన్న తరవాత గాని తనేమందో హైమకి తెలియలేదు. రవితేజ అక్క వంక గుడ్లురిమి చూశాడు.

"నోర్ముయ్యవే" అన్నారు సూర్యకాంతమ్మగారు. "నాకు పూలేంటి?"

కోపంగా అనాలనుకున్న మాట. కోపం సరిపడా రాలేదు.

ఆవిడ భర్త రామభద్రరాజుగారు పోయి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఆయన ఉన్నన్నాళ్ళూ మల్లెల కాలంలో ఏ పని మీద భీమవరం వెళ్ళినా జేబురుమాల్లో మొగ్గలు కట్టుకుని వచ్చేవారు. ఆయన పోయాక పదోరోజున చుట్టాల్లో ఆడవాళ్ళు చేయాల్సినవన్నీ చేశారు, ఆ రోజుతో ఆవిడ తలలో పూలు అయిపోయాయి. అయితే చేతిలో మాత్రం అయిపోలేదు. ఆ వీధిలో ఏ ఆడపిల్లకి పూలజడ వేయాలన్నా సూర్యకాంతమ్మగారే వేయాలి. ఎండాకాలం వస్తే ఆవిడ అరుగు మీద పిల్లలు వరసకట్టి కూర్చుంటారు. వాళ్ళ జడలు కుట్టి పంపించేశాక ఆ రాత్రి ఆవిడ చేతులు కడుక్కోరు. ఆ వాసన పోనివ్వడం ఇష్టంలేక చేతులు తలగడ కింద పెట్టుకుని పడుకుంటారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆవిడకి పూలంటే ఇష్టం. మనిషి పోతే ఇష్టం కూడా పోతుందనుకుంటారు గాని పోదు, పోకపోగా ముదురుతుంది. కొడుకుతో అందామంటే వాడేమనుకుంటాడో! తండ్రి మీద ప్రాణం పెట్టుకున్న కొడుకు. ఈ వయసులో అమ్మకిదేం సరదా అనుకుంటే ఇంక ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగగలరా? అడగందే అమ్మయినా పెట్టదంటారు. మరి అడగాల్సింది ఆ అమ్మే అయితే ఏం చేయాలో ఆ సామెత చెప్పిన మహానుభావుడు చెప్పలేదు.

హైమ మెల్లిగా వచ్చి ఆవిడ పక్కన చేరింది. "టెస్టు ఫొటో అండి మామ్మగారూ. ఇది పూలు పెట్టుకోవడం కిందకి రాదు. రెండిట్లో ఏది మంచిదో చూసుకుని వెంటనే చెరిపేస్తాం. కెమెరాలు కూడా మనవి కావు."

"చెరిపేస్తే ఇంక లేనట్టేనా?"

"లేనట్టేనండి."

సూర్యకాంతమ్మగారు జుట్టు చిక్కు ఒకటి తీసుకున్నారు. తరవాత, "మీ నాన్నకి తెలియకూడదు" అన్నారు.

అద్దం తెచ్చి వెనకాల పెడితే మొహమూ జడా కలిసి పడతాయని, స్టూడియోల్లో పూలజడ ఫొటోలు అలాగే తీసేవాళ్ళని రవితేజ ఉత్సాహపడ్డాడు. ఆవిడ ఒప్పుకోలేదు. అద్దం గిద్దం వద్దు, మొహం పడకూడదు, గోడ వైపు తిరిగి కూర్చుంటాను, జడ ఒక్కటే తీసుకోండి అన్నారు. ఎవరైనా చూసినా ఎవరి జడో తెలియకూడదని ఆవిడ ఆలోచన. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధి వీధంతా వెతికినా అంత తెల్లటి జడ ఇంకోటి లేదన్న సంగతి పాపం ఆవిడకి తట్టలేదు.

రవితేజ బండేసుకుని వెళ్ళి రెండు సోలల మొగ్గలు కొలిపించుకొచ్చాడు. జడ అల్లి, దాని పొడవునా అరటిదొప్ప ముక్క కోసి ఆనించి, వరసవరసకీ మొగ్గలు పేర్చి సూదీదారంతో జడకి కుట్టుకుంటూ రావాలి. కుట్టేది హైమ, చెప్పేది మామ్మగారు. హైమకి చేతకాదు. మూడో వరసకి వచ్చేసరికి రెండుసార్లు సూది మెడలో దిగింది.

"అమ్మో! చంపేస్తావటే?"

"కదలకండి మరి."

"బిగించి కుట్టవే, జారిపోతుంది. నేను కుట్టిన జడ కత్తెరేస్తే గాని రాదు, తెలుసా?" మళ్ళీ తనే అన్నారు, "అంచున కాస్త మరువం పెట్టవే. లేకపోతే కళ ఉండదు."

"తెల్ల మీద తెలుపే ఉండాలండి, టెస్టు కదా."

"ఆఁ, అవునులే. టెస్టు కదా" అన్నారావిడ. ఆ గొంతు విని హైమ సూది ఆపింది. వెనక్కి తిరిగి తమ్ముడికి సైగ చేసింది. వాడు మారుమాట లేకుండా పెరట్లోకి వెళ్ళి మరువం కోసుకొచ్చాడు.

జడ పూర్తయ్యేసరికి ఎండ వసారా దిగిపోయింది. గోడకేసి తిరిగి కూర్చున్న మామ్మగారిని ఇద్దరూ చెరో కెమెరాతో తీశారు. పసుపుదాంట్లో జుట్టూ పూలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెరుగన్నం ముద్దలా వచ్చింది. ఎర్రదాంట్లో మొగ్గకి మొగ్గ విడిగా కనిపించింది. "చూశావా!" అన్నాడు రవితేజ. "వెలుతురు సెట్టింగు తప్పు పడింది, అందుకే" అని హైమ పసుపుదాన్ని సర్ది మళ్ళీ తీసింది. ఈసారి అందులో మొగ్గ మీది పచ్చటి చార కూడా తెలిసింది. మళ్ళీ తగువు మొదటికొచ్చింది.

"ఏదీ, నన్నూ చూడనివ్వండర్రా" అన్నారు సూర్యకాంతమ్మగారు.

హైమ కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద చూపించింది. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లల వీపుల మీదో చూసుకున్న జడ, ఇప్పుడు తన వీపు మీద. ఆవిడకి గుండె నిండిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. "బానే కుట్టావే" అని మాత్రం అన్నారు. అని, "సరే, ఇంక చెరిపెయ్యండి" అన్నారు.

హైమ వేలు మీట దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగింది. వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

చెరువులో సాయంత్రం మేత దగ్గరుండి చూసుకోవాలని, భార్యని పెళ్ళింట్లోనే వదిలి మాధవరాజుగారు ఒక్కరూ ముందే వచ్చేశారు. సూర్యకాంతమ్మగారు రెండు చేతులా జడ పట్టుకుని లాగారు. రాలేదు. కత్తెరేస్తే గాని రాని కుట్టు ఆవిడే దగ్గరుండి కుట్టించుకున్నారు మరి. గేటు తీసిన చప్పుడు విని, పైట కొంగు నెత్తి మీదుగా లాక్కుని వీపంతా కప్పుకుని స్టూలు మీద కుడితిలో పడ్డ ఎలుకలా కూర్చుండిపోయారు.

"ఏంటమ్మా, ముసుగేసుక్కూర్చున్నారు? ఒంట్లో బాగోలేదాండీ?"

"చలిగా ఉంది, అబ్బాయ్."

వైశాఖంలో చలేంటో ఆయన అడగబోయి, గాలి పీల్చి ఆగారు. వసారా అంతా మల్లెపూల వాసన.

"ఫొటోలకి తెచ్చామండి, పూలు" అన్నాడు రవితేజ.

"అలాగా. ఏదీ, చూపించండి. ఏది కొనాలో తేలిందా ఇంతకీ?" అంటూ ఆయన హైమ చేతిలోంచి పసుపు పట్టీ కెమెరా అందుకున్నారు. తెర మీద ఇంకా ఆ జడే ఉంది. ఆయన చాలాసేపు చూశారు.

"ఎవరిదమ్మా ఈ జడ?"

"నెట్‌లోదండి నాన్నగారూ. మచ్చుకి వేసుకున్నాం" అంది హైమ.

"ఇది మన వసారా గోడ కదమ్మా?"

"అదీ... పక్కింటి..." అంది హైమ. తండ్రితో ఎన్నడూ అబద్ధమాడని పిల్ల, మొహం కందిపోయి నేల చూస్తోంది.

సూర్యకాంతమ్మగారు అది చూడలేకపోయారు. తన సరదాకి ఈ పసిదాని చేత అబద్ధాలాడించడమా! లేచి నిలబడ్డారు. కొంగు తీసి భుజం మీద వేసుకున్నారు.

"నాదే, అబ్బాయ్. నేనే కుట్టించుకున్నాను. పిల్లల్ని ఏమీ అనకు."

మాధవరాజుగారు తెర మీది జడనీ, ఎదురుగా ఉన్న తల్లినీ మార్చి మార్చి చూశారు. ఆయన మొహంలో కోపం కోసం ఆవిడ వెతికారు. కోపం లేదు. ఏదో తెలియక దెబ్బ తిన్నవాడిలా ఉన్నారాయన.

"ఇంత ఇష్టమైతే మరి ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టుకోలేదమ్మా? నేనెప్పుడైనా వద్దన్నానాండీ?"

"వద్దనలేదు" అన్నారు సూర్యకాంతమ్మగారు. "పెట్టుకోమనీ అనలేదు."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పారు. కెమెరా పట్టుకున్న మాధవరాజుగారి చేతులు కిందికి దిగాయి. ఆయన ఆ కెమెరాని జాగ్రత్తగా కూతురి చేతిలో పెట్టి, ఫొటోకి అడ్డం రాకుండా పక్కకి తప్పుకుని నిలబడ్డారు.

సూర్యకాంతమ్మగారు మళ్ళీ స్టూలు మీద కూర్చున్నారు. ఈసారి గోడ వైపు తిరగలేదు. ఓరగా కూర్చుని, జడ పక్కకి కనబడేలా సర్దుకుని, మెడ తిప్పి మనవరాలి వంక చూశారు.

"తియ్యవే. మొహం కూడా పడాలి."

హైమ కళ్ళు తుడుచుకుంది. పసుపు పట్టీది ఒక చేతిలో ఉంది, తమ్ముడు ఎర్ర పట్టీది అందిస్తున్నాడు.

"దేంతో తీయనండి మామ్మగారూ?"

"ఏదో ఒకదాంతో తియ్యవే తల్లీ. పూలు వాడిపోతున్నాయి."