మెడ, మోచెయ్యి, పొట్ట

ఫైర్ స్టేషన్ బ్యాండు మేష్టారికి దురద పట్టుకుని ఎనిమిది నెలలైంది. ఎనిమిది నెలలంటే మాటలా? పోటీ పాట సాధన మొదలెట్టిన వారమే అదీ మొదలైంది, పాటతోపాటే ముదిరింది. ముందు మెడ, తర్వాత మోచెయ్యి, ఆఖరికి పొట్ట. ఈ వరస ఎన్నడూ తప్పలేదు. ఇంట్లో ఆయన భార్య పొయ్యి దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి చూడకుండానే "ఇప్పుడు మోచెయ్యి" అనేది. ఆయన చెయ్యి అప్పటికి మోచేతి మీదే ఉండేది.

ఉచిత వైద్యానికి కొదవా? ట్రంపెట్లు ఊదే ముగ్గురూ మూడు రకాల సబ్బులు తెచ్చారు. పెద్ద డ్రమ్ము వాయించే సొంత బావమరిది, "కోపం తగ్గించుకో బావా, రక్తం చల్లబడుతుంది" అన్నాడు. కోపం రాక ఏం చేస్తుంది? బ్యాండు పోటీల్లో రెండేళ్ళుగా వీళ్ళదే ఆఖరి స్థానం. ఈసారీ గెలవకపోతే వాయిద్యాలన్నీ కొట్లో పడేసి తాళం వేయిస్తానని స్టేషన్ అధికారి తేల్చి చెప్పేశాడు. పాతికేళ్ళు సాకిన బ్యాండు! ఆ తాళం మాట తలపుకొస్తే చాలు, మేష్టారికి మెడ దగ్గర మొదలయ్యేది.

చివరికి భార్యే ఆయన్ని చర్మ వైద్యురాలి దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ ముందుగా రక్తపరీక్షలు చేయించింది. షుగరు, థైరాయిడ్, లివరు, కిడ్నీలు, అన్నీ భేషుగ్గా ఉన్నాయని తేలాక మేష్టారు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఇంత దురదకి ఓ పేరున్న జబ్బైనా ఉండొద్దూ? ఆవిడ యూనిఫాం కాలరుకున్న హుక్కు చూసింది, బెల్టు బకిల్ తిప్పి చూసింది.

"ఇందులో నికెల్ ఉన్నట్టుంది. అది మీ ఒంటికి పడదు, చెమట తగిలితే మరీను. స్నానం ఎలా చేస్తారు?"

"పొగలు కక్కే నీళ్ళండి. పీచుతో బరబరా రుద్దితే ప్రాణం లేచొస్తుంది."

"కొరివితో తల గోక్కుంటున్నారన్న మాట. మంటలార్పే మీకు నేను చెప్పాలా? మోచెయ్యి ఎండి పగిలింది అందుకే."

హుక్కు తీసేసి గుడ్డ బొత్తాం కుట్టించుకోమంది. బకిల్ వెనక మందపాటి గుడ్డ వేయించమంది. గోరువెచ్చని నీళ్ళు, ఒంటి తడి ఆరకముందే క్రీము, ఎర్రబడ్డ చోట రెండు వారాలు పల్చగా ఆయింట్‌మెంటు. "గోకారా, మళ్ళీ మొదటికొస్తుంది. గోకినకొద్దీ పెరిగేదే దురద" అని గట్టిగా చెప్పింది.

భార్య ఆ రోజే ఆయన గోళ్ళు మొదలంటా కత్తిరించేసింది. ఆ రెండు వారాలూ ఊళ్ళో ఏదో ఒక మూల నిప్పంటుకోని రోజు లేదు. సాధన ఒక్కపూటైనా కుదరలేదు. పోటీ రోజుకి మాత్రం మేష్టారి ఒళ్ళు పసిపిల్లాడి బుగ్గలా ఉంది.

హాలు కిక్కిరిసింది. ముందు వరసలో భార్య, ఆవిడ పక్కనే అధికారి. పాట హాయిగా ఎత్తుకున్నారు. పెద్ద డ్రమ్ము పడాల్సిన చోటు వచ్చింది. మేష్టారు చేతిలోని సైగకర్ర ఊపాడు. చప్పుడు లేదు. మళ్ళీ ఊపాడు. బావమరిది కొట్టుడుకర్ర గాల్లోకెత్తి, గుడ్లప్పగించి బావ మెడకేసి చూస్తున్నాడు.

"మెడ, బావా" అని పెదవులు కదిపాడు.

మేష్టారి పైప్రాణాలు పైనే పోయాయి. ఎనిమిది నెలలుగా ఒక్క వెధవా తాళం లెక్కపెట్టలేదన్న మాట. డ్రమ్ము సరిగా పడుతుందో లేదోనని ఈయనకి కంగారు, కంగారుకి మెడ దురద, ఈయన మెడ గోకగానే వాడు కొట్టడం. ఇదీ సంగతి.

ఇక చేసేదేముంది? ఎడమ చెయ్యెత్తి, లేని దురదని కసిదీరా గోకాడు. ధన్మని డ్రమ్ము మోగింది. మోచెయ్యి గోకాడు, ముగ్గురు ట్రంపెట్లవాళ్ళూ ఒక్కసారే అందుకున్నారు. మళ్ళీ మెడ, మళ్ళీ మోచెయ్యి. దురద లేకుండా గోకడంలో ఇంత సుఖముందని ఆయనకి ఇన్నాళ్ళూ తెలీదు. జనం ఇదేదో కొత్త పద్ధతనుకుని చప్పట్లతో తాళం వేశారు. మేష్టారు గంతులెయ్యడమొక్కటే తక్కువ.

పాట ముగిసింది. కర్ర దించి జనానికేసి తిరిగి వంగి దండం పెట్టాడు. వెనక ఊదుతూనే ఉన్నారు. ఆఖరి స్వరం ఆగదే. ట్రంపెట్లవాళ్ళ మొహాలు కందిపోయాయి, ఒకడికి కళ్ళు తేలిపోతున్నాయి. సంతోషంలో మేష్టారికి బుర్ర పనిచెయ్యలేదు, మళ్ళీ దండం పెట్టాడు.

ముందు వరసలోంచి భార్య లేచి నిలబడింది. అధికారి ముందర, అంత జనం మధ్య, రెండు చేతులతో తన పొట్ట బరబరా గోక్కుంది.

మేష్టారు చటుక్కున వెనక్కి తిరిగి పొట్ట గోకాడు. కత్తితో కోసినట్టు పాట ఆగింది.

మొదటి బహుమతి వాళ్ళదే. ఇంత కలిసికట్టుగా ముగించిన బ్యాండు మరొకటి లేదని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. తాళం మాట అధికారి మళ్ళీ ఎత్తలేదు.

"తగ్గిందని ముందే ఒక్కమాట చెప్పొద్దా బావా" అని బావమరిది నిష్ఠూరమాడాడు.

భార్య సంచిలోంచి ఆయింట్‌మెంటు తీసింది. "ఏదీ, మెడ చూపించండి. ఇంకోసారి గోకితే ఊరుకోను."

"ఒట్టు" అన్నాడు మేష్టారు, బుద్ధిగా మెడ వంచి. "వచ్చే ఏడాది పోటీ దాకా ముట్టుకోను."