గడ్డి ఉడికించిన డ్రమ్ము

నేను ఒక ఆవిరి డ్రమ్మును. ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే నాకు పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేశారు. డ్రమ్ముకు మెడ ఎక్కడుంటుందో పంతులుగారికే తెలియాలి. నా వెనక నేలమీద కూచుని రాజులమ్మ మొగుడి సంచి సర్దుతోంది: రెండు లుంగీలు, వెల్డింగు కళ్ళద్దాలు, ఎండుచేపల పొట్లం.

"పని కుదిరితే ఇక్కడే ఉంటానంటావు. మల్లీ ఈ సంచేటి?"

"కుదరకపోతే పారాదీప్ పోర్టు పనికి బండెక్కాల గదే."

"సర్దిన సంచి ఊరుకోదయ్యా. మనిసిని తీసుకెల్లిపోద్ది," అంటూనే చేపలకు ఇంకో కాగితం చుట్టింది.

ఆ మొగుడు దాలినాయుడే నన్ను పుట్టించినవాడు. అంతకుముందు నేను ఆమదాలవలస దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు రేకును. మిల్లు మూతపడ్డాక యజమాని కొడుకు కూర్మనాథంగారు పెద్ద చదువులు చదివొచ్చి, నాన్న వడ్లు ఉడికించాడు, నేను గడ్డి ఉడికిస్తానన్నారు. మనుషుల కడుపులు నిండిపోయినట్టున్నాయి, ఇక కార్లకు వండి పెట్టాలి. దాలినాయుడు పాత రేకు మీద కొత్త రేకు చుట్టి, అతుకు మీద అతుకు వేసి నన్ను నిలబెట్టాడు. "ఇది నడిస్తే నీకిక్కడే నెల జీతం," అన్నారాయన. ఏడాదికి పది నెలలు పరాయి ఊళ్ళో పడుకునే మనిషికి అంతకంటే ఏం కావాలి?

నా పని చిన్నదే. తరిగిన గడ్డి పోసి, మూత బిగించి, గట్టి ఆవిరి పట్టాలి. పది నిమిషాలు మగ్గాక కింది వాల్వు ఒక్కసారిగా తెరిస్తే, గడ్డి ఢామ్మని పేలాల్లా విచ్చుకుంటుంది. తరవాత దాన్ని మందులేసి తీపి చేస్తే, ఆ తీపి తిని ఈస్టు సారా ఇస్తుంది. అది పెట్రోల్లో కలుపుతారు. ఎక్కువసేపు ఉంచితే మాత్రం పాకం మాడినట్టు మాడి, ఈస్టు పాలిట విషమవుతుంది. నెల్లాళ్ళు అందరికీ ఈ పాఠం చెప్పింది కూర్మనాథంగారే.

ముహూర్తానికి ఆవిరి వచ్చింది. ముఖ్య అతిథి రాలేదు.

"బాబూ, టయిమైపోనాది. తెరిసీమంటారా?" అన్నాడు దాలినాయుడు.

"కొబ్బరికాయ కొట్టకుండానా? ఆయన చేత్తో తిప్పాలయ్యా. ఫొటోగ్రాఫరు కూడా ఆయన కార్లోనే ఉన్నాడు."

"లోన మాడిపోద్ది బాబూ!"

"నాకు తెలీదా?"

తెలుసు. తెలియనివాడు తప్పు చేస్తే గాభరా పడతాడు. తెలిసినవాడు కొబ్బరికాయ కొట్టి మరీ చేస్తాడు.

పెద్దమనిషి గంట దాటాక దిగారు. ఒక చెవి మూసుకుని, రెండో చేత్తో వాల్వు తిప్పి, ఫొటోకి నవ్వారు. నాలోంచి తారులాంటి పిప్పి పడింది. "రంగు నిండుగా ఉంది," అని మెచ్చుకున్నారు.

"ఇంకోపాలి ఏద్దాం బాబూ," అని బతిమాలాడు దాలినాయుడు. వీల్లేదట. ముహూర్తం దాటిపోయింది, ఎల్లుండి నుంచి ఆషాఢం, దాని వెనకే మూఢం. పెట్టుబడి పెట్టే కంపెనీవాళ్ళకు విమానం టైమైంది. ఆ నల్ల పిప్పినే పరీక్షకని సీసాల్లో పట్టుకెళ్ళారు.

కంపెనీ నుంచి కబురొచ్చేదాకా సంచి నా వాల్వు చక్రానికి వేలాడింది. రాజులమ్మ రోజూ ఒక లుంగీ తీసి, ఉతికి, ఎండాక మళ్ళీ అందులోనే పెట్టేది. ఆ చేతికి పని కావాలి, అంతే. చివరికి కబురొచ్చింది. ఈస్టు చచ్చిపోయిందట. కాబట్టి మన జిల్లా గడ్డి మంచిది కాదట! గడ్డికి నోరు లేదు గనక నేరం దానికి అంటగట్టడం తేలికైంది. షెడ్డుకు తాళం పడింది.

"కోతలకి వచ్చేత్తానే," అని దాలినాయుడు సంచి భుజానికెత్తుకున్నాడు.

"సేపలు ఒక్కపాలే తినీకు," అంది రాజులమ్మ.

ఇప్పుడు నేను పాత ఇనుము కొట్టు వెనక పడున్నాను. నన్ను ముక్కలు చెయ్యబోయి కొట్టువాడు రెండుసార్లు విసుక్కున్నాడు. అతుకులు విడటం లేదట. నా మూత మాత్రం రాజులమ్మ అడిగి తీసుకెళ్ళి నూతి మీద కప్పుకుంది. ఎక్కడో ఇంకో డ్రమ్ముకు బంతిపూలు వేస్తూనే ఉంటారు.

దాలినాయుడు వెళ్ళింది రెండువేల పందొమ్మిది ఆషాఢంలో. ఆ ఏడు కోతలకు రాలేదు. తరవాత కూడా రాలేదు.