వేణు చూడని బ్రిస్బేన్

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో వసంత బ్రిస్బేన్ నుంచి పుప్పాలగూడకు వచ్చింది. బ్రిస్బేన్‌లో ఆమెది నర్సింగు చదువు. సెలవులు కొద్దిగానే ఉన్నా తమ్ముడు వేణు కోసం బయలుదేరింది. బ్రిస్బేన్ కాలేజీలోనే అతనికీ సీటు వచ్చింది. పాస్‌పోర్టు మాత్రం నెలలు గడిచినా రాలేదు. ఎందుకని ఫోన్లో అడిగితే మాట దాటేస్తున్నాడు.

బస్సులు లేవు. దొరికిన ఆటోలో ఇల్లు చేరేసరికి తల్లి యాదమ్మ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది.

"వాని మీద కేసు వెట్టిన్రు బిడ్డా. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

సమ్మెకు నెలల ముందు, గచ్చిబౌలి చౌరస్తాలో రాస్తారోకో నాడు ఎవరో ఒక ఆఫీసు అద్దాలు పగలగొట్టారు. పోలీసులు రోడ్డు మీద కూర్చున్నవాళ్లందరినీ వ్యానెక్కించారు.

"రాయి నువ్వేసినవా?" అని వేణును అడిగింది వసంత.

"లేదక్కా. ఆడ కూసున్న, గంతే."

"సీటొచ్చినంక నీకెందుకురా గదంత?"

"సీటొస్తే నేను ఈడోన్ని కాకుంట పోతనా?" అన్నాడు వేణు.

మర్నాడు అక్కాతమ్ముళ్లు ఠాణాకు వెళ్లారు. కరెంటు లేదు. చెమట తుడుచుకుంటూ ఎస్సై మర్యాదగానే చెప్పాడు.

"కేసు తేలేదాకా పాస్‌పోర్టుకు మేము క్లియరెన్సు ఇవ్వలేమమ్మా. చదువుకున్నవారు, మీరే అర్థం చేసుకోండి."

"ఎప్పుడు తేలుతుంది సార్?"

ఆయన ఇంకొకరిని పిలిచాడు.

అద్దాల మేడల నీడలో ఇద్దరూ నడిచి వస్తున్నారు. వేణు అడిగాడు.

"ఆడ నది మీద పడవెక్కి కాలేజీకి పోతరంటివి గదక్కా. వాన పడ్డా నడుస్తదా?"

రెండేళ్లుగా ఫోన్లో ఇవే ప్రశ్నలు. చలికాలంలోనూ ఎండ కాస్తుందా, సముద్రం ఎంత దూరం, మామిడిపళ్లు దొరుకుతాయా అని అడిగేవాడు. వసంత విసుగు లేకుండా చెప్పేది. ఆ రోజు మాత్రం కోపమంతా పైకొచ్చింది.

"ఇగ గా ముచ్చట బంద్ చెయ్. నువ్వు రావు, చూడవు."

ఆమె ఉన్నన్ని రోజులూ వేణు మళ్లీ బ్రిస్బేన్ పేరెత్తలేదు. బండి మీద విమానాశ్రయం దగ్గర దింపి, "పైలం అక్కా" అని జాగ్రత్త మాత్రం చెప్పాడు.

బ్రిస్బేన్‌లో ఎండ ఎప్పటిలాగే కాస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా వసంతే అక్కడి కబుర్లు ఎత్తేది. "అట్లనా" అని ఊరుకునేవాడు వేణు. మాదాపూర్‌లో కంపెనీ క్యాబు నడుపుతున్నాడు.

రాష్ట్రం వచ్చాక కేసు ఎత్తేశారు. ఆ సంగతి తెలిసిన రోజే ఆమె ఫోన్ చేసింది.

"వేణూ, మళ్ల అప్లై చేద్దాంరా. అన్నీ నేను చూసుకుంట."

అవతల హారన్లు మోగుతున్నాయి.

"చదువు మర్చిపోయినక్కా," అన్నాడు. "బండిల మనుషులున్నరు. మళ్ల ఫోన్ చేస్త."

ఆ మాట నమ్మి ఆమె రాత్రిదాకా ఎదురుచూసింది. అతను చెయ్యలేదు.